సుబేదారు చేతికి లేవని బోల్టు

అది 1912వ సంవత్సరం, వేసవి. వేలూరు కోట ఎదుటి బజారులో నాకు తుపాకులు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పంట కాపలా కోసం రైతులు పెట్టుకున్న మందు కూరే తుపాకులే. వాటి గుర్రాలు, అంటే మందును పేల్చే చిన్న సుత్తులు, స్ప్రింగులు నాకు కంఠోపాఠం. బోల్టు రైఫిళ్ళు మాత్రం అప్పటికి మా వైపు కొత్త. అలాంటివి నేను విప్పి చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

బోల్టు అంటే గొట్టం వెనక ఉండే ఉక్కు కడ్డీ. దానికో పిడి ఉంటుంది. తూటా పేలాక పిడిని పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ డొల్ల బయటపడుతుంది. ముందుకు తోసి పిడిని దించితే కొత్త తూటా లోపలికి వెళ్ళి తాళం పడుతుంది. చెయ్యి తిరిగినవాడికి ఇదంతా ఒక్క క్షణం పని. ఆ క్షణం మీదే వేటగాడి ప్రాణం, పక్కనున్నవాడి ప్రాణం ఆధారపడి ఉంటాయి.

ఒకరోజు ఉదయం కొట్టు ముందు జట్కా ఆగింది. గుడియాత్తం నుంచి మునుస్వామి నాయుడు దిగారు. పల్టన్‌లో సుబేదారుగా చేసి పింఛను మీద ఊరు చేరిన మనిషి. అరవై దాటినా నడుము వంగలేదు. ఆయన వెనక రైఫిలు సంచి భుజాన వేసుకుని ఎల్లప్ప దిగాడు. వేటలో పొదలు కొట్టి మృగాన్ని బయటికి తోలే మనిషి. అతని ఎడమ చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది.

సుబేదారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"ఆచారీ, ఈ తుపాకి నాకింక వద్దప్పా. లైసెన్సు ఉండే మంచి మనిషి ఎవురన్నా ఉంటే చూడు, ఇచ్చేస్తా."

"కొత్తది గదయ్యా! ఏమైనాది దీనికి?"

"దానికేమీ కాలేదు. నా చెయ్యే పోయినాది."

ఆ రైఫిలు పల్టన్‌లో ఆయన పైన ఉన్న తెల్ల అధికారులు అభిమానంతో పంపించినదట. వానాకాలంలో ఓడ దిగి వచ్చింది. అప్పుడు బోల్టు బాగానే తిరిగేది. ఎండలు ముదిరేకొద్దీ బిగుసుకుంటూ వచ్చింది. మద్రాసులో తుపాకులు అమ్మే కొట్టుకు ఉత్తరం రాస్తే, కొత్తది కాబట్టి వాడకంలో సర్దుకుంటుందనీ, వయసు మళ్ళిన చేతికి కొంత కష్టంగానే ఉంటుందనీ జవాబు వచ్చిందట. ఆ రెండో మాట ఆయన మనసులో ముల్లులా దిగింది.

పదిహేను రోజుల కిందట పేర్ణాంబట్టు దారిలోని కొండ కింద ఒక చిరుత మేకలను వరసగా ఎత్తుకుపోతుంటే జనం సుబేదారును పిలిచారు. మొదటి గుండు చిరుత తొడను గీసుకుపోయింది. అది వెనక్కి తిరిగింది. రెండో తూటా ఎక్కించబోతే బోల్టు పిడి లేవలేదు. చిరుత ఎల్లప్ప మీద పడింది. తక్కినవాళ్ళు కేకలు వేస్తూ కర్రలతో ఎగబడితే వదిలి కొండెక్కింది. ఆ సాయంత్రమే ఊళ్ళో మాట పుట్టింది, ముసలాయన చేతులు పడిపోయాయని.

"వాళ్ళన్నదాంట్లో తప్పేముండాది?" అన్నారు సుబేదారు. "నా చెయ్యి లేవలా. కొంచెంలో వీడి చెయ్యి పోయుండేది."

ఎల్లప్ప ఊరుకోలేదు. "ఆయప్ప మాట ఇనొద్దు సామీ. నేను పక్కనే ఉండా గదా. రెండు చేతులా పట్టి ఎత్తినాడు. అయినా లేవలా. పోయిన నెల్లో కోడెను కొమ్ములు పట్టి కింద పడేసిన చేతులు సామీ అవి!"

నేను రైఫిలు నోరు నేల వైపు తిప్పి, ఖాళీగా ఉందో లేదో చూడటానికి పిడి ఎత్తబోయాను. నాకప్పుడు ముప్పై ఐదేళ్ళు. పొద్దున లేస్తే సుత్తి పట్టే చెయ్యి నాది. నాకూ అది సులువుగా లేవలేదు. "అయ్యా, ఇచ్చేసే మాట తర్వాత. ముందు దీన్ని నన్ను చూడనీయండి" అన్నాను.

ఓడలో వచ్చే తుపాకులకు తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు దట్టిస్తారు. అది లోపల ఎండి గట్టిపడిందని నా మొదటి ఊహ. కింది మరలను తంటాలు పడి విప్పి, కర్ర నుంచి ఇనుమంతా విడదీసి, కిరసనాయిలుతో కడిగి, మరిగే నీళ్ళు పోసి తుడిచి, సన్నగా నూనె రాశాను. బోల్టు పెట్టి ఆడిస్తే ఒక వేలితో తిరిగింది. ఉబ్బిపోయాను. సుబేదారును పిలిచి, "తీరిపోయిందయ్యా, చూడండి" అని గర్వంగా రైఫిలును కర్రలో కూర్చోబెట్టి, మరలు బిగించి, ఆయన చేతికిచ్చాను.

పిడి లేవలేదు.

 ఆయన రైఫిలును మెల్లగా బల్ల మీద పెట్టారు. "పోనీలేప్పా. నువ్వు కష్టపడినావు, చాలు" అన్నారు. ఆ మంచితనమే నాకు చెంపదెబ్బలా తగిలింది. రేపు సాయంత్రం వరకు గడువు అడిగాను. వాళ్ళిద్దరూ సత్రానికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని మొదటి నుంచి ఆలోచించాను. కర్ర లేకుండా బోల్టు ఆడుతోంది. కర్రలో పెడితే ఆడటం లేదు. అయితే తప్పు బోల్టులో లేదు. ఇనుమును కర్రకు పట్టి ఉంచేవి కింది నుంచి పైకి బిగించే రెండు పెద్ద మరలు. వాటిని గార్డు స్క్రూలంటారు. వెనకదాన్ని పూర్తిగా బిగించాను. బోల్టు ఆడింది. ముందుదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, తిప్పినప్పుడల్లా పిడి ఎత్తి చూశాను. ఆడుతోంది, ఇంకా ఆడుతోంది. చివరి అరచుట్టు దగ్గర పట్టేసింది.

బోల్టు కొసన రెండు ఉక్కు చెవులుంటాయి. వాటిని లగ్గులంటారు. తాళం పడేది వాటి వల్లే. మరను రవంత వదులు చేసి బోల్టు బయటికి తీసి, ఆ లగ్గులకు దీపపు మసి పట్టించి, బోల్టును జాగ్రత్తగా లోపలికి తోసి, పిడి దించి, మళ్ళీ ఎత్తి బయటికి లాగాను. కింది లగ్గు మీద ఆవగింజంత మేర మసి చెరిగి ఉక్కు మెరుస్తోంది. ముందు మర కొస లోపలికి పొడుచుకొచ్చి లగ్గును ఒరుసుకుంటోందన్నమాట. ఆ మచ్చను చూసి గట్టిగా నవ్వేశాను. ఎదురు కొట్టు చెట్టియారు తల బయటపెట్టి చూశాడు.

కానీ వానాకాలంలో లేని బిగువు వేసవిలో ఎందుకొచ్చింది? కర్రను చూస్తే అర్థమైంది. చలి దేశంలో, తేమలో చెక్కిన కర్ర అది. మా ఎండకు ఎండి కుదించుకుపోయింది. కర్ర పలచబడేకొద్దీ మరను తిప్పితే ఇంకా లోపలికి పోతుంది. మరి తిప్పిందెవరు?

సాయంత్రం సుబేదారు రాగానే అడిగాను.

"ఈ మరలు ఎవరన్నా బిగించినారా అయ్యా?"

"నేనే. ప్రతి ఆదివారం తుడిచి, మరలన్నీ బిగిస్తా. పల్టన్ అలవాటు. ఒక్క వారం కూడా తప్పలా."

చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందని ఒక్క నిమిషం ఆలోచించాను. మర కొస అరగదీసి ఇచ్చేస్తే ఆయన సంతోషంగా వెళ్ళిపోతారు. కానీ కారణం తెలియకుండా ఆయుధం చేతిలో పెట్టడం నా వృత్తికి ద్రోహం. మసి చెరిగిన లగ్గును చూపించి అంతా చెప్పాను.

ఆయన ముఖం పాలిపోయింది. ఎల్లప్ప కట్టు వైపు చూశారు. "అయితే ఈ గాయం నా చేత్తోనే చేసినానా ఆచారీ?"

"అయ్యా, నిన్న ఈ మర విప్పడానికి నేను ఎంత తంటాలు పడినానో తెలుసా? చేతిలో బలం తగ్గినోడు దీన్ని ఇంత లోపలికి బిగించలేడు. మీ చెయ్యి పోలేదు. బలం ఉండేదాని వల్లే బోల్టు పట్టేసింది."

సుబేదారు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎల్లప్ప నవ్వాపుకోలేక, "నేను చెప్పలా అయ్యా? కోడెను పడేసిన చెయ్యి!" అన్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి సుబేదారు నా కొట్టులో కూర్చున్నారు.

మర కొసను ఆకురాయితో తీస్తూ, బిగించి చూస్తూ, మళ్ళీ తీస్తూ పోయాను. ఎక్కువ తీస్తే పట్టు పోతుంది, అందుకే వెంట్రుకవాసి చొప్పున తీశాను. అంతటితో ఆపలేదు. మర దూరే రంధ్రంలో సరిగ్గా పట్టేలా ఒక ఇత్తడి గొట్టం చేసి దించాను. ఇకపై కర్ర ఉబ్బినా కుదించుకున్నా, ఎంత బలవంతుడు తిప్పినా, మర ఆ గొట్టం దగ్గరే ఆగుతుంది. అది ఎవరూ నేర్పింది కాదు. నా బల్ల మీద నాకు తోచింది.

పరీక్ష గుడియాత్తంలోనే జరగాలని నేనే పట్టుబట్టి వాళ్ళతో వెళ్ళాను. మాట పుట్టిన చోటే అది చావాలి. ఎండిన ఏటి ఇసుకలో ఐదు కుండలు పెట్టించాను. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడింది. సుబేదారు రైఫిలు భుజం నుంచి దించకుండా ఐదుసార్లు కాల్చారు. ఐదు కుండలూ పగిలాయి.  గట్టు మీది నుంచి ఒక పెద్దాయన దిగొచ్చి, "తప్పుగా మాట్లాడినాం సుబేదారయ్యా" అన్నాడు. సుబేదారు ఆయన భుజం తట్టారు. తల వెనక్కి వాలేంత ఠీవిగా నిలబడింది ఎల్లప్పే!

నెల తిరక్కముందే ఎల్లప్ప మా కొట్టుకు పరుగున వచ్చాడు. చిరుత దొరికిందట. "మొదటి గుండు రాయికి తగిలినాది సామీ. అది నా మీదికే దూకినాది. నేను కదల్లా. ఆయప్ప ఉండాడు గదా వెనకాల! రెండో గుండుకే పడిపోయినాది."

ఆ 'కదల్లా' అన్న మాటకు మించిన మెప్పు నా పనికి మళ్ళీ దొరకలేదు.

ఆ తర్వాత ఎన్నో బోల్టు రైఫిళ్ళు బాగుచేశాను. దూర ఊళ్ళ నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఈ రైఫిలు నాకు నేర్పినవి రెండు. బిగుసుకున్న చోటే తప్పు ఉందనుకోకూడదు, దాన్ని బిగించిందేమిటో వెతకాలి. రెండోది, ఆయుధాన్ని విప్పక ముందు దాన్ని తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఎప్పటి నుంచి ఇలా ఉంది, రోజూ దీన్ని ఏం చేస్తావు అని అడగాలి. ఆదివారాల సంగతి మొదటి రోజే అడిగి ఉంటే, ఆ పెద్దమనిషి ఇంకొక రాత్రి తన చేతిని తిట్టుకుంటూ సత్రంలో పడుకునేవారు కాదు.