తుపాకి గొట్టంలో ఆకాశం

మా ఇంట్లో తుపాకి ఉండేదంటే ఎవరైనా ముందు నన్ను ఎగాదిగా చూస్తారు. అది మా మామది, అంటే నా భర్త తండ్రిది. అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి ఆయనకు లైసెన్సు ఇచ్చారు. ఒంటి గొట్టం తుపాకి. శంషాబాద్‌కు అవతల మా ఊళ్లో ఉన్న భూమిలో సగం విమానాశ్రయం చుట్టూ వేసిన రోడ్లకు పోయింది. మిగిలిన మెట్ట చెలకలో మక్కజొన్న వేసేవాళ్లం. ప్లాట్లు చూడ్డానికి కార్లలో జనం వచ్చిపోతున్నారన్న సంగతి పందులకేం తెలుసు, అవి ఎప్పటిలాగే కంకుల కోసం గుట్ట దిగి వచ్చేవి. మామ వాటిని చంపింది తక్కువ, బెదరగొట్టింది ఎక్కువ. పొద్దు గుంకే ముందు చెలక దగ్గరికి పోయి ఒక్కటి పేల్చి వస్తే కొన్నాళ్లు అటువైపు రావని ఆయన నమ్మకం.

పేల్చే ముందు ఒక పద్ధతి ఉండేది. మామ వాకిట్లో నిలబడి, తుపాకీని నడుమ కీలు దగ్గర విరిచి, లోపల తూటా లేదని చూసుకుని, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి వెనక నుంచి కన్ను పెట్టేవాడు. గొట్టం చివర గుండ్రంగా ఆకాశం కనిపించాలి. కనిపిస్తే "సాఫ్ ఉంది" అనేవాడు. అంతటితో అయిపోదు. ఇంట్లో ఇంకొకరు కూడా చూసి అదే మాట చెప్పాలి. ఆ తర్వాతే తూటా పెట్టేది. గొట్టంలో ఏదైనా అడ్డుపడి ఉంటే తూటా బయటికి పోలేక గొట్టమే పగులుతుంది. మామ చిన్నాయనకు ఎడమ చేతి వేళ్లు అట్లాగే పోయాయట. అప్పటి నుంచి ఇద్దరు చూడాలన్నది ఆ ఇంటి కట్టుబాటు.

నా భర్త ఇంట్లో ఉంటే ఆయనే చూసేవాడు. విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడపడం మొదలుపెట్టాక ఆయన ఇంటి పట్టున ఉండేదే తక్కువ. ఆ పని నా నెత్తిన పడింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి ఆకాశం చూడమంటే ఒళ్లు మండేది. గొణుక్కుంటూనే చూసేదాన్ని.

విమానాశ్రయం మొదలైన మరుసటి ఏడాది ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి. మామ అప్పజెప్పాడు, అయిపోయాక తెచ్చుకున్నాడు, ఎప్పటిలాగే గోడ మేకుకు తగిలించాడు. వానలు పడి, మక్క పెరిగి, కంకులు పాలు పోసుకునే దాకా దాని జోలికి ఎవరూ పోలేదు.

ఒక సాయంత్రం పందులు చెలకలో ఒక మూలంతా తొక్కేశాయని తెలిసి మామ తుపాకి దించాడు. వాకిట్లో నిలబడి, విరిచి, ఎత్తి చూశాడు.

"సాఫ్ ఉంది. ఇగ నువ్వు చూడు బిడ్డా" అని నాకిచ్చాడు.

చూశాను. ఆకాశం లేదు. నల్లగా ఉంది. కన్ను సరిగ్గా ఆనించలేదేమో అనుకుని రెండో కన్ను పెట్టి చూశాను. మళ్లీ నలుపే. మా నెత్తి మీదుగా విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. ఆకాశమైతే ఉన్నచోటే ఉంది.

"మామా, ఏం కనిపిస్తలేదు."

"ఆకాశం దిక్కు పెట్టు."

"అటే పెట్టిన."

ఆయన విసుగ్గా తీసుకుని మళ్లీ చూశాడు. "గింత మంచిగ కనిపిస్తుంటే కనిపిస్తలేదంటవేంది? నీకు చూసుడే వస్తలేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆ మాట అన్న తీరులో అబద్ధం లేదు. ఎన్నో ఏళ్లుగా అదే గొట్టంలో చూస్తున్న మనిషి. నేనేమో మాడుతున్న కూర మీద మనసు పెట్టి చూసేదాన్ని. నా కళ్లకే ఏదో అయిందా అని అనుమానం మొదలైంది. అత్తమ్మను పిలిచాను. ఆమె కన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "నాకు సూదిల దారమే కనిపియ్యదు, గిదేం కనిపిస్తది, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి" అని లోపలికి పోయింది. నా భర్తకు ఫోన్ చేశాను. పార్కింగ్‌లో ప్యాసింజర్ కోసం చూస్తున్నాడు. అంతా విని, "బాపు చూసిండు గద, ఇంకేంది?" అన్నాడు. "నేను కూడ చూసిన గద" అన్నాను. ఆయన "మరి ఎవరిది నిజం?" అని నన్నే అడిగాడు. నాకు తెలిస్తే ఫోన్ ఎందుకు చేస్తాను!

ఫోన్ పెట్టేసరికి మామ జేబులోంచి తూటా తీస్తున్నాడు. నేను అత్తమ్మ గోడకు ఆనించి పోయిన తుపాకీని అందుకుని, రెండు చేతులతో గుండెకు అదుముకుని వెనక్కి జరిగాను. మామకు ఎదురు తిరగడం అదే మొదటిసారి. ఆయన ముఖం ఎర్రబడింది.

"జర ఆగు మామా. ఒక్కసారి కడ్డీ పెట్టి చూస్త, ఏం లేకుంటే నువ్వు అన్నట్టే."

గొట్టం తుడిచే కడ్డీ తెచ్చి దూర్చాను. కొంత దూరం పోయి ఆగిపోయింది. గట్టిగా పొడిస్తే ముందు వైపు నుంచి ఎండిన మట్టి పెళ్లలు రాలాయి. వాటిలో చచ్చిన చిన్న చిన్న సాలీళ్లు ఉన్నాయి. గోడ మూలల్లో మట్టి గూడు కట్టి పిల్లల మేతకు సాలీళ్లను దాచే కందిరీగ ఈసారి మా తుపాకీలో కట్టింది. స్టేషన్‌లో కట్టిందో మా గోడ మీద కట్టిందో ఎవరికీ తెలియదు. మామ ఆ మట్టిని అరచేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. ఎడమ చేతిలోకే తీసుకున్నాడు. పేల్చేటప్పుడు గొట్టం కింద ఉండేది ఆ చేయే.

"నాకు కనిపించింది బిడ్డా" అన్నాడు. "ఒట్టు. ఆకాశం కనిపించింది."

ఆయన్ని నమ్మాను. నా బాధంతా అదే. గొట్టం నిండా మట్టి ఉన్న మాట నిజం, ఆయనకు ఆకాశం కనిపించిన మాటా నిజం. రెండూ ఎట్లా నిజమవుతాయో బుర్ర బద్దలు కొట్టుకున్నా తేలలేదు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు. అత్తమ్మ గాలి సోకిందని దిష్టి తీసింది. నేను వద్దనలేదు, అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు మరి.

మరునాడు ఎండ బాగా ఎక్కాక మామ తనంతట తానే తుపాకి దించి వాకిట్లోకి వచ్చాడు. గొట్టం ఇప్పుడు శుభ్రంగా ఉంది. ఎత్తి చూస్తుంటే నేను పక్కన నిలబడి గొట్టాన్ని కాకుండా ఆయన్ని చూశాను. కుడి కన్ను గొట్టానికి ఆనించి ఉంది. ఎడమ కన్ను పూర్తిగా తెరిచి ఉంది. గొట్టం పక్క నుంచి అది హాయిగా ఆకాశాన్ని చూస్తోంది.

"మామా, ఎడమ కన్ను మూసి చూడు."

తుపాకీని నాకిచ్చి ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. అట్లా చాలాసేపు నిలబడ్డాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మబ్బు పట్టిందా బిడ్డా?" అన్నాడు.

వాకిలంతా ఎండ. బండల మీద కాలు పెట్టలేకపోతున్నాం.

ఆ వారంలోనే నా భర్త ట్యాక్సీలో కంటి దవాఖానకు తీసుకుపోయాం. కంటి లోపల ఒత్తిడి పెరిగి కుడి కన్ను నరం ఎండిపోయిందని డాక్టర్ చెప్పింది. నొప్పి ఉండదట, ఎర్రబడదట, మెల్లమెల్లగా పోతుందట. పోయిన చూపు ఇక రాదు, ఎడమ కన్ను కోసం మాత్రం రోజూ చుక్కలు వేసుకోవాలంది. ఎప్పటి నుంచి కనిపించడం లేదని అడిగితే మామ నా వైపు తిరిగి, "ఎప్పటిసంది బిడ్డా?" అన్నాడు. ఆయన కంటి సంగతి నాకెట్లా తెలుస్తుంది! నాకు ఏడుపొచ్చింది.

వచ్చేటప్పుడు మైలార్‌దేవ్‌పల్లి దాటాం. వెనక సీట్లో నా పక్కన కూర్చున్న మామ తుపాకి ఇక స్టేషన్‌లో ఇచ్చేస్తానన్నాడు. నా భర్త సరేనన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. మామ నా వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పోయినేడు చేన్ల మక్క కదిలితే పేల్చిన యాదికున్నదా? తెల్లారి దేవులాడితే ఏం దొరకలే. గురి కుడి కన్నుతోనే పట్టిన. అది పందేనా బిడ్డా, మనిషి గాదు గద?"

అప్పుడు నేను ఊళ్లోనే లేను. షాద్‌నగర్‌లో మా అమ్మ దగ్గర ఉన్నాను. ఆయన ఆ సంగతి మరిచిపోయాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"పందే మామా" అన్నాను. "గుట్ట దిక్కు ఉరుకుతుంటే నా కండ్లతోని నేను చూసిన."

నా భర్త అద్దంలోంచి నన్ను చూశాడు. మళ్లీ కళ్లు రోడ్డు మీదికి తిప్పాడు.

"నువ్వు చెప్తే నమ్ముత" అని మామ సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.