సమ్మతి పాఠం చదివిన ఏడాది

రాజ్యానికి నాలుగు లక్షణాలు: ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. డిగ్రీ మొదటి ఏడాది పొలిటికల్ సైన్సులో మొదటి పాఠం అదే. అమలాపురంలో బస్సెక్కిన దగ్గర్నుంచి సముద్రం ఒడ్డున మా పల్లెలో దిగేదాకా దాన్నే వల్లించేదాన్ని. ఇంటికి రాగానే అమ్మ రొయ్యలు ఒలుస్తూ అడిగేది: "ఇయ్యాల మేష్టారు ఏం చెప్పేరే?"

అమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఆ ప్రశ్న అడగని రోజు లేదు. నేను చెప్పింది నచ్చితే "నిజవే కదా" అనేది. నచ్చకపోతే "అలాగెలా కుదురుద్దే?" అని వాదనకి దిగేది. మా మేష్టారికి కూడా నేనంత భయపడుతూ పాఠం అప్పజెప్పలేదు.

ఆ ఏడాదే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకి కేటాయించారు. మా పల్లెలో ఓట్ల పెట్టె రాకముందే అంతా తేలిపోతుంది. పెద్దలు తుఫాను షెల్టర్లో కూర్చుని ఒక పేరు అనుకుంటారు, ఇంకెవరూ నామినేషన్ వెయ్యరు, ఏకగ్రీవం అయిపోతుంది. అదీ కట్టుబాటు. ఈసారి అనుకున్న పేరు ఊరి పెద్దాయన కోడలిది. ఆ పెద్దాయన నాన్నకి వరసకి అన్న, నాకు పెదనాన్న. మా వీధి కుళాయిలో ఉప్పునీళ్ళు వస్తున్నాయని అమ్మ ఏళ్ళ తరబడి ఆయనకే మొత్తుకుంది. ఇక లాభం లేదని తనే వెళ్ళి నామినేషన్ వేసేసింది. వెనక్కి తీసుకోమని కబురొచ్చినా తీసుకోలేదు. "ఎవరైనా నిలబడొచ్చని నువ్వే కదే చెప్పేవు?" అంది నాతో.

అమ్మ ఓడిపోయింది. దానికి మాకేం బాధ లేదు, ఓడిపోతుందని ముందే తెలుసు.

అలివి వల ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పడవ మీద వెళ్ళి వలని సముద్రంలో చుట్టూ దింపి వస్తారు. తర్వాత జనం ఒడ్డున రెండు జట్లుగా నిలబడి రెండు కొసల తాళ్ళూ లాగుతారు. లాగిన ప్రతివాడికీ వాటా ఉంటుంది. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు నాన్న ఎప్పటిలాగే వెళ్ళి తాడు పట్టుకున్నాడు. గంప పట్టుకుని నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. నాన్న చెయ్యి పడగానే ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ తాడు వదిలేశారు. మాట లేదు, తిట్టు లేదు. చేపలున్న వల అలల్లోకి జారిపోతుంటే నాన్న మడమలు ఇసకలో దిగేసి ఒక్కడే ఆపబోయాడు. ఆగలేదు. ఆయన వదిలేసి పక్కకి వచ్చాక మళ్ళీ అందరూ పట్టుకున్నారు.

తర్వాత రోజూ అదే. రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్తే "మీ ఊళ్ళో సర్దుబాటయ్యేక రా బాబూ" అన్నారు. ఇంట్లో గంజే గతి అయింది. నాన్న చిరగని వల ముందేసుకుని పొద్దస్తమానం కుట్టేవాడు.

క్లాసులో మేష్టారు చెబుతున్నారు, బలప్రయోగం చేసే హక్కు రాజ్యానికి తప్ప ఇంకెవరికీ లేదని. మా వాళ్ళు చెయ్యెత్తితే కదా బలప్రయోగం. వీళ్ళు చేతులు వదిలేశారంతే. దాన్ని ఫిర్యాదులో ఏమని రాయాలి?

అయినా రాశాను. మండలాఫీసులో ఒక అధికారి కుర్చీ వేయించి, శ్రద్ధగా చదివి, "చదువుకున్నదానివి, నీకు చెప్పేదేవుందమ్మా, ఊరన్నాక ఇలాంటివుంటాయి. నేను మాటాడతాన్లే" అన్నాడు. నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన మాట్లాడింది పెదనాన్నతోనే. మర్నాటి నుంచి కొట్టువాడు కూడా మాకు ఉప్పు ఇవ్వలేదు. పక్కింటి అత్త మాతో మాట్లాడకూడదు కాబట్టి, వాళ్ళ గేదెతో అన్నట్టు గట్టిగా అంది: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

ఒక సాయంత్రం నాన్న కనబడలేదు. అమ్మా నేనూ వెతుక్కుంటూ వెళ్తే ఛాతీ లోతు నీళ్ళలో, కట్టుబట్టలతో, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అమ్మ పరిగెత్తి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. "పోటు ఎలాగుందో చూద్దావని" అన్నాడు. పోటు చూడటానికి ఎవరూ అంత లోపలికి వెళ్ళరు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మర్నాడు అమ్మ షెల్టరుకి వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. పెదనాన్న ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారీనా అమ్మా? నీ మీద మాకు కోపవేవుంది? ఇకమీదట కట్టుబాటు దాటనని నీ నోటితో చెప్పు, చాలు."

"ఆయ్, దాటనండి, బావగారండీ" అంది అమ్మ తలొంచుకుని.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా? ఇష్టపడే చెబుతున్నావు కదా?"

"ఆయ్."

అందరూ విన్నారు కదా అని ఆయన చుట్టూ చూశాడు. విన్నామన్నారు.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో అమ్మ అడిగింది. "ఇందాక నేను చెప్పేను చూడు, దాన్ని మీ పుస్తకంలో ఏవంటారే?"

మేష్టారు ఆ వారమే చెప్పారు. ప్రజల సమ్మతి లేకుండా ఏ ప్రభుత్వమూ నిలవదని, పాలించేవాడి అసలు బలం అదేనని. అబద్ధం చెబుదామనుకున్నాను. నా పాఠాల్లో అబద్ధాన్ని అమ్మ ఎప్పుడూ ఇట్టే పట్టేసేది.

"సమ్మతి అంటారమ్మా."

వాదిస్తుందని చూశాను. అలాగెలా కుదురుద్దే అంటుందని చూశాను.

"పేరు బాగుంది" అంది.

తెల్లారి నాన్న వెళ్ళి తాడు పట్టుకున్నాడు. ఎవరూ వదల్లేదు.