పూల్‌లో మిగిలిపోయిన వాపసు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ చూసేది నేనే. రాసినవాడు ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు. డాట్‌నెట్‌లో రాసిన పాత ప్రోగ్రాం. మార్చుదామంటే మేనేజరు "నడస్తా ఉండాది కదప్పా" అంటాడు. నడుస్తున్నదాన్ని ముట్టుకోవడం మా దగ్గర మహాపాపం.

సీజన్లో గేటు ముందు తోతాపురి మామిడి బండ్లు బారులు తీరుతాయి. ప్రతి బండికీ తూకం, ల్యాబు ఫలితం, స్టాకు మూడూ ఒకే లావాదేవీగా నమోదు కావాలి. ఒకటి తప్పితే మిగతావీ రద్దే. ప్రోగ్రాంలో ఈ పనిచేసే భాగాన్ని ఆబ్జెక్టు అంటారు. దాన్ని ప్రతిసారీ కొత్తగా పుట్టిస్తే ఆలస్యమని, కొన్నింటిని ముందే తయారుచేసి పూల్ అనే ఉమ్మడి నిల్వలో ఉంచుతారు. బండి రాగానే ఒకటి తీసుకోవడం, పని కాగానే తిరిగి పెట్టేయడం. పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చే వంటపాత్రల పద్ధతే. అయితే మా వైపు ఇచ్చేవాళ్లు తోమి ఇచ్చినా తీసుకునేవాళ్లు మళ్లీ తోముకుంటారు. ప్రోగ్రాం రాసినవాడికి ఆ పట్టింపు లేదు.

మొన్న సీజన్లో కార్వేటినగరం వైపు నుంచి ఒకావిడ ట్రాక్టరు నిండా కాయ తెచ్చింది. ల్యాబులో బాగుందన్నారు. గేటు దగ్గర కంప్యూటరు తెర మాత్రం 'వాపసు' అంది. కాయ ఎండకు మెత్తబడుతోంది. సాయంత్రంలోపు లోపలికి పోకపోతే ఆవిడ ఏడాది కష్టం మట్టిపాలే.

"మళ్లా ఒకసారి సూడు నాయనా, మీ మిషనుకు కండ్లు మసకేసినాయేమో" అంది.

చూశాను. ముందొచ్చిన బండి కాయ నిజంగానే కుళ్లింది. దాని వాపసు గుర్తు చెరగకుండా ఆబ్జెక్టులో ఉండిపోయింది. అదే ఆబ్జెక్టు ఈవిడ బండికి తగిలింది. వేరేది తగిలి ఉంటే ఏ గొడవా లేదు. ఎప్పుడో ఒకసారి జరిగేది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు. పూల్‌లోంచి తీసుకోగానే పాతది తుడిచేసేలా మార్చాను. ట్రాక్టరు లోపలికి వెళ్లింది. నాకు సంతోషంగానే అనిపించింది.

ఆవిడ చీటీ తీసుకుని కిటికీ దగ్గరే నిలబడింది.

"మొన్న మా ఊరాయన బండిని గూడా ఇట్లే ఎనక్కి పంపినారే. కాయంతా దావలో పారబోసి పోయినాడు. అది మంచికాయేనా నాయనా?"

ఆయన బండి ల్యాబు ఫలితం తెరిచాను. పక్కనే ఉన్న మేనేజరు చెప్పొద్దని సైగ చేశాడు. నాకు ఒళ్లు మండింది.

"మంచికాయేనమ్మా" అన్నాను.

ఆవిడ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది.

"ఈ మాట ఆయప్పకు నేనెట్ల చెప్పేది?" అంది.