చిమ్నీ బాగయ్యాక వచ్చిన ఫిర్యాదు

వంటింటి చిమ్నీలు బాగుచేసే ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ పొగాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. మోటారు చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు గానీ, మనుషుల మాటలు మాత్రం ఆయన బుర్రకు ఒక పట్టాన ఎక్కవు. పెళ్లయిన కొత్తలోనే ఆ సంగతి కనిపెట్టిన ఆయన భార్య, ముఖ్యమైన మాట ఏదైనా రెండుసార్లు చెప్పడం అలవాటు చేసుకుంది.

ఒక రోజు ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు నుంచి పిలుపొచ్చింది. పిలిచినావిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఒంటరి మనిషి. ఇప్పటికీ అందరూ ఆపరేటరమ్మనే అంటారు.

"నేను పొయ్యి వెలిగించకపోయినా నా వంటింట్లో చేపలు వేయించిన వాసనొస్తోంది నాయనా. నేను చేప ముట్టి ఎన్నేళ్లయిందో!" అంది.

పొగాయన స్టూలెక్కి, జిడ్డు ఆపే జాలీలు విప్పాడు. జాలీలు శుభ్రంగానే ఉన్నాయి. మోటారుకూ ఏ రోగమూ లేదు. చిమ్నీ నెత్తిన గొట్టం తగిలించే చోట చెయ్యి పెడితే అప్పుడు దొరికింది. అక్కడ రెండు పల్చటి రేకులుంటాయి. చిమ్నీ తిరుగుతున్నప్పుడు గాలి తోపుకు తెరుచుకుని, ఆగగానే వాటంతట అవే వాలి మూసుకోవాలి. జిడ్డు పేరుకుని అవి తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే బిగుసుకుపోయాయి. అన్ని అంతస్తుల గొట్టాలూ వెళ్లి కలిసేది ఒకే పెద్ద గొట్టంలో కాబట్టి, కిందింటి వేపుడు తిన్నగా ఈవిడ వంటింట్లోకి వస్తోంది. పొగాయన ఆ రేకుల్ని తీసి, కొత్తవి బిగించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను.

"నాయనా, ఏదో తేడాగా ఉంది. ఒకసారి వచ్చి చూడు."

వచ్చి చూశాడు. చిమ్నీ వేసి కాగితం ముక్క ఆనిస్తే అతుక్కుపోయింది. ఆపి అగ్గిపుల్ల వెలిగిస్తే మంట కదల్లేదు, గాలి వెనక్కి రావడం లేదన్నమాట.

"వాసనొస్తోందామ్మా?"

"అబ్బే."

"చప్పుడేమైనా?"

"చప్పుడే లేదు."

"మరింకేమిటి?"

"అదే నాయనా. ఏ చప్పుడూ లేదు."

పొగాయన బుర్ర గోక్కున్నాడు. చప్పుడొస్తోందని పిలిచినవాళ్లున్నారు, రావడం లేదని పిలిచినవాళ్లను చూడలేదు. "లేకపోతే మంచిదే కదమ్మా?" అన్నాడు.

"మంచిదేలే" అని ఆవిడ అటూ ఇటూ చూసి, "ఆ పాత రేకులు పారేశావా? ఉంటే అవే మళ్లీ పెడతావా?" అంది.

చూసి చెబుతానంటూ బయటపడ్డాడు. దారంతా అదే ఆలోచన. తన పనిలో లోపముందా? లోపముంటే చెప్పదేం? లేకపోతే పాడైనవి మళ్లీ బిగించమనడమేమిటి? అన్నం ముందు కూడా అయోమయంగా కూర్చునుంటే భార్య సంగతంతా రాబట్టింది.

"ఏ చప్పుడు పోయిందో అడిగారా?"

"అడగలేదు."

"అదీ సంగతి. ఏ చప్పుడు పోయిందో అడగండి."

మర్నాడు వెళ్లి అడిగాడు. ఆపరేటరమ్మ తుడిచిన పొయ్యినే మళ్లీ తుడుస్తూ చెప్పింది.

"కిందింటాయన గడియారాలు బాగుచేసేవాడట. ఇప్పుడు చూపు పోయింది. పొద్దున్నే ఆయన భార్య వంటింట్లో కూర్చోబెట్టుకుని పేపరు చదివి వినిపిస్తుంది. ధరల వార్తొస్తే చదవడం ఆపేసి తిట్లు లంకించుకుంటుంది. గొట్టంలోంచి అది వింటూ కాఫీ తాగేదాన్ని. పరాయివాళ్ల మాటలు వినకూడదని నాకు తెలీదా నాయనా? ఎక్స్ఛేంజిలో లైను కలిపిన మరుక్షణం తప్పుకునేదాన్ని. ఇక్కడ మాత్రం తప్పుకోలేకపోయాను."

"కిందికెళ్లి కూర్చోవచ్చు కదమ్మా."

"ఏమని వెళ్లను? మీ మాటలు గొట్టంలో విన్నాను, మిగతాది చెప్పండి అనా?"

పొగాయన మరింత తికమకపడ్డాడు. రేకులు తీసేస్తే చేపల వాసన, ఉంచితే ఈవిడ మొహం ఇలాగే ఉంటుంది. పాడైన సామాను తన చేత్తో బిగించడానికి మనసొప్పలేదు. ఏమీ తోచనప్పుడు గొట్టం ఆ చివర్నుంచి ఈ చివరి దాకా చూడడం ఆయనకు అలవాటు.

"మాటలు పైకొచ్చాయంటే కిందింటి రేకులు కూడా బిగుసుకున్నాయేమో, చూద్దాం. మీరక్కడ నిలబడండి. నేనిక్కడ మోటారు వేసి అడుగుతాను, అక్కడికి గాలొస్తోందో లేదో చెప్పండి."

ఆవిడ వద్దు వద్దంటూనే వెంట దిగింది. కిందింటావిడకు చిమ్నీ పరీక్షని చెప్పి, ఆపరేటరమ్మను వాళ్ల పొయ్యి దగ్గర నిలబెట్టి, తాను పైకొచ్చాడు.

మోటారు వేశాడు. కాసేపయ్యాక ఆపి, "అమ్మా! గాలొచ్చిందా?" అని గొట్టం దగ్గర అరిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంకా గట్టిగా అరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది, రేకులు మూసుకుని ఉంటే గొంతెలా పోతుందని. రేకుల్ని వేలితో ఎత్తిపట్టి మళ్లీ అరిచాడు. అయినా జవాబు లేదు. కింద ఏమైందో ఏమోనని కంగారుగా మెట్లు దిగాడు.

తలుపు తీసే ఉంది. బల్ల దగ్గర ఆపరేటరమ్మ కళ్లజోడు సర్దుకుని పేపరు చదువుతోంది. పక్కన ఇంటావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. గడియారాలాయన ముందుకు వంగి, "జడ్జిగారేమన్నారు వదినగారూ? మా ఆవిడ చదివితే సగం పేపరు తిట్లకే పోతుంది" అంటున్నాడు.

"మీకేం, వినేవారు! ఆ ధరలు చూస్తే నాకు ఒళ్లు మండదూ?" అంది ఇంటావిడ.

పొగాయన గుమ్మంలో నిలబడి, "గాలొచ్చిందామ్మా?" అని అడిగాడు.

"ఏం గాలి నాయనా?" అంది ఆపరేటరమ్మ తలెత్తకుండానే.

"కూర్చోండన్నయ్యగారూ, ఈ కేసు తేలిపోనివ్వండి" అంది ఇంటావిడ.

ఆయన కూర్చున్నాడు. మొదలు వినలేదు కాబట్టి ఆ కేసు ముక్క కూడా అర్థం కాలేదు. ఊరికే కూర్చోలేక లేచి వాళ్ల చిమ్నీ విప్పి చూశాడు. ఎవరూ వద్దనలేదు.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "దొరికిందా ఆ పోయిన చప్పుడు?"

"కిందింట్లో ఉంది."

"మళ్లీ పైకి వచ్చేలా చేశారా?"

"లేదు. ఆవిడే అక్కడికెళ్లి కూర్చుంది."

"మరి మీరేం బాగుచేసినట్టు?"

పొగాయన చేతికంటిన జిడ్డు తుడుచుకున్నాడు.

"కిందవాళ్ల జాలీలు కడిగాను" అన్నాడు.