నీళ్లత్త పసుపు, మరిది ఎరుపు

సముద్రపు గోడ పక్క తోటకి పదకొండేళ్లుగా తెల్లారకముందే నీళ్లు పెట్టే ఆవిడని అందరూ నీళ్లత్త అంటారు. ఆవిడ గొంతెత్తితే అలలే ఓ అడుగు వెనక్కి వేస్తాయి. ఇసుకలో ఆవిడ బతికించిన పొద ఒకటుంది. తమలపాకుల్లాంటి ఆకులు, మందారాల్లాంటి పువ్వులు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

ఆ పేరు లేకే ఇప్పుడు దాని ప్రాణం మీదికొచ్చింది. తోటల ఆఫీసు కొత్త రూలు ప్రకారం ఈ తీరంలో పుట్టిన మొక్కలే ఉండాలట, ఏ మొక్కో తేలనివి శనివారం పీకేస్తారట. నీళ్లత్త మొక్క వివరాల ఫారంలో పువ్వు పసుపని రాయించింది. ఆ ఆఫీసులోనే గుమాస్తాగా ఉన్న సొంత మరిది, సాయంత్రం తనిఖీకొచ్చి ఎరుపని రాసుకుపోయాడు. రెండూ చూసిన ఆఫీసరు "కుదర్లేదు, పీకేయండి" అని గీకి పారేశాడు.

"ఏమయ్యా మరిదీ, నీ కళ్లు ఎవరైనా ఎత్తుకెళ్లారా?"

"రోజూ డ్యూటీ దిగి అటే వస్తా కదా వదినా. ఎర్రగానే ఉంటుంది. నీకే పచ్చకామెర్లేమో, ఓసారి చూపించుకో."

నీళ్లత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. శుక్రవారం పొద్దున్నే మరిదిని మంచం మీంచి లాక్కొచ్చి, బకెట్ బోర్లించి, విచ్చుకుంటున్న పువ్వొకదాని తొడిమకి దారం కట్టి, ఎదురుగా ఆ బకెట్ మీద కూర్చోబెట్టింది.

"కదిలావా, ఈ గొట్టంతో నిన్నే తడుపుతా."

అప్పుడది లేత పసుపు, మధ్యలో ముదురు మచ్చ. మధ్యాహ్నానికి నారింజ. మరిది గొడుగు పట్టుకుని వంగి దారం ముడి తడిమి చూశాడు. సాయంత్రం ఆ దారంతోనే ఎర్రటి పువ్వు టపీమని అతని ఒళ్లో రాలింది.

"ఫారంలో రంగుకి ఒకటే గడి వదినా. రెండు పట్టవు."

"పట్టకపోతే పక్కన రాయి. అక్కడా పట్టకపోతే నా నుదుటి మీద రాయి. పద!"

దారం వేలాడే పువ్వుని బల్ల మీద పెట్టేసరికి, ఇంటికి బయల్దేరుతున్న ఆఫీసరు కూలబడి లావుపాటి పుస్తకం తెరిచాడు. పొద్దున పసుపు, సాయంత్రం ఎరుపు, బెండకీ పత్తికీ మందారానికీ చుట్టం, ఈ తీరం సొంత బిడ్డ. పీకుడు ఆగింది.

శనివారం నోరు తిరగని పేరుతో బోర్డు కూడా పెట్టారు. దాని మీద బొమ్మ పసుపు పువ్వు. సాయంత్రం షికారుకొచ్చిన ప్రతివాడూ "బోర్డు తప్పండీ, పువ్వు ఎర్రగా ఉందే" అని నీళ్లత్త ఇంటిదాకా వచ్చి పాఠం చెప్పి పోతున్నాడు.

మూడోరోజుకి ఆవిడ విసిగి, బకెట్ మళ్లీ బోర్లించింది.

"సాయంత్రాలు నీవే కదా మరిదీ. కూర్చుని చెప్పుకో."