బంతి పట్టని ఆటగాడు

మా తమ్ముడి పెద్దకర్మ అయిన వారానికి ఈ పరాయి దేశంలోని తెలుగు సంఘం వాళ్లు బుకిట్ బటోక్‌లో ఒక హాలు తీసుకుని సంతాప సభ పెట్టారు. బతికుండగా వాడు సంఘం గడప తొక్కలేదు. శనివారం రగ్బీ లీగ్ ఆడేవాడు, ఆదివారం నడవలేకపోయేవాడు. సంఘం కార్యక్రమాలన్నీ ఆ రెండు రోజుల్లోనే ఉండేవి.

సభకు ముందురోజు సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశారు.

"హెల్మెట్లు పెట్టుకుని ఆడతారే, ఆ ఆటే కదమ్మా?"

"కాదండీ. హెల్మెట్లు ఉండవు."

"ఎన్ని గోల్స్ కొట్టాడో చెప్తే స్పీచ్‌లో వేసుకుంటాను."

వాడు పెద్దగా ఏమీ కొట్టలేదని చెప్పాను. ఆయన, "పోనీలేమ్మా, లీడర్‌షిప్ క్వాలిటీస్ అని మేనేజ్ చేస్తాను," అని ఓదార్చారు.

ఆ ఆటలో బంతితో పరిగెత్తేవాణ్ణి అవతలి జట్టు పట్టుకుని పడేస్తుంది. పడేసినవాళ్లు లేచి, పది మీటర్లు వెనక్కి వెళ్లి, మళ్లీ వరసలో నిలబడాలి. ఆరుసార్లు పడేస్తే బంతి వాళ్లదవుతుంది. పడేయడం చాలామందికి వచ్చు. గొప్పవాడెవడో తెలియాలంటే ఆట చివర్లో, ఎవరికీ ఊపిరి అందనప్పుడు, లేచి వెనక్కి వెళ్తున్నదెవరో చూడాలి. చూసేవాళ్లంతా అప్పుడు బంతినే చూస్తుంటారు. మా తమ్ముడు వెళ్లేవాడు.

సభలో ఈ మాటే చెప్పమని మా మేనకోడలు నన్ను అడిగింది.

"అందరూ ఏదేదో చెప్తారు అత్తా. డాడీ ఏం చేసేవాడో నువ్వు ప్రాపర్‌గా చెప్పు. కెన్?"

ఇక్కడ పెరిగిన పిల్లల మాటల్లో 'వీలవుతుందా' అంటే 'కెన్?', మాట చివర ఊతపదం 'లా'. "చెప్తాలే," అన్నాను.

దానికిష్టమైన ఫోటో ఒకటి సంఘానికి పంపాం. బంతితో దూసుకొస్తున్న ఒక పొడుగాటి మనిషి, అతని నడుము చుట్టేసిన మా తమ్ముడు. వాడి ముఖం ఆ మనిషి పొట్టలో కూరుకుపోయి ఉంది. కనిపించేది వీపు, రెండు చేతులు, మోచేతికి పిల్ల చుట్టిన తెల్ల టేపు.

సంఘంలో చాలామంది ఐటీ వాళ్లు. పోయిన మనిషి ముఖం కనిపించకపోవడం వాళ్లకొక సమస్యగా తోచింది. పరిష్కరించారు. వాడి ఆఫీసు బ్యాడ్జీలోని ముఖం తీసి, బంతి పట్టుకున్న మనిషి మెడ మీద అతికించారు. టై ముడి కూడా కొంచెం వచ్చింది. హాల్లో తెర మీద మా తమ్ముడు నవ్వుతూ పరిగెత్తుతున్నాడు, మా తమ్ముడే వాణ్ణి పట్టుకుని ఆపుతున్నాడు. అదే ఫోటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేశారు. పిల్ల తల దించుకుని కూర్చుంది.

వాడి జట్టులోని ఆస్ట్రేలియా మనిషి ఒకతను మా వెనకే కూర్చున్నాడు. నా వైపు వంగి ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు: "ఇతని చేతిలో బంతి చూడటం ఇదే మొదటిసారి. వెంటనే ఎవడు ఆపాడో చూశారా?"

అధ్యక్షుడు మాట్లాడారు. జీవితంలో వాడికి ముందుకు దూసుకెళ్లడమే తెలుసనీ, వెనకడుగు ఎరగడనీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది. "వెనక్కి వెళ్లడమే మా తమ్ముడి పని," అన్నాను. "అది వాడంత బాగా చేసినవాళ్లు లేరని జట్టువాళ్లు చెప్తారు. ఫోటోలో కిందున్నవాడు మావాడు. పైనున్న ముఖం అతికించింది."

అధ్యక్షుడు మైకు తీసుకుని, "పాపం, షాక్‌లో ఉన్నారు," అని సభకు వివరించి నాకు శాలువా కప్పారు.

ఫోటో మాకిచ్చి పంపారు. క్లెమెంటిలో వాళ్ల ఫ్లాట్‌కి రాగానే పిల్ల దాన్ని ఫ్రేములోంచి తీసి, వంటింటి కత్తెరతో అడ్డంగా కోసింది. ముఖం, టై, బంతి ఉన్న పై సగం చెత్తబుట్టలో వేసింది. కింది సగం మళ్లీ ఫ్రేములో బిగించి దీపం పక్కన పెట్టింది.

మొన్న అధ్యక్షుడు పలకరించడానికి వచ్చారు. ఆ వీపు ముందు, ఆ టేపు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ముఖం ఏదమ్మా?" అని పిల్లని అడిగారు.

"డాడీ బిజీ లా, అంకుల్," అంది.