గోపురం దిగని రాజబాబు

మా కూర్మనాథం మావయ్యకున్న పిచ్చి ఒక్కటే. పటంలోని బొమ్మలను బతికున్న మనుషుల్లా చూసుకుంటాడు.

యాంగన్‌లో, చౌక్తడా పేటలో ఆయనది పటాలు కట్టే కొట్టు. దేవుళ్లు, పెళ్లిజంటలు, పోయిన తాతలు అందరూ వచ్చి అద్దం బిగించుకుని వెళ్లిపోతారు. ఒక్క పటం మాత్రం కదలదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరో గీసిన యూరప్ నగరపు చిత్రానికి అచ్చుప్రతి అది. నడిమధ్య కూలిపోయిన చర్చి. సగం చీలిన గోపురం ఒక్కటే నిలబడి ఉంటుంది. రాళ్లగుట్టల మీద చీమలంత పనివాళ్లు, నిచ్చెనలు, కింద వింత చూస్తున్న జనం. వానాకాలపు మసక వెలుతురులో వీధంతా ఆ అద్దంలో పడి, చౌక్తడా బస్సులు ఆ శిథిలాల మీదుగా చప్పుడు లేకుండా వెళ్తుంటాయి. కాసేపు చూస్తే మనం ఏ ఊళ్లో ఉన్నామో మరిచిపోతాం.

మావయ్య ఎప్పుడో మరిచిపోయాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే పటంలోవాళ్ల క్షేమం కనుక్కుంటాడు. జల్లు కొడితే వాళ్లు తడుస్తారని పటాన్ని లోపలి గోడకు మారుస్తాడు. ఒకసారి పెళ్లిఫొటో కోసం వచ్చిన బర్మా దంపతులను, పటంలోని నీలం కోటాయన భోంచేయలేదన్న దిగులుతో అరగంట నిలబెట్టాడు. వాళ్లూ పాపం, తమ భాషలో మర్యాదగా ‘ఊ కూర్మ’ అని పిలుస్తూ ఆయన్ను ఓదార్చి వెళ్లారు. హోటల్ నడిపే ధనరాజ్ ఆ పటం తనకు కావాలంటే, మనుషులింకా గోపురం పైనే ఉన్నారు, దిగాక చూద్దామన్నాడట.

పై అంతస్తు ఆఫీసులో పనిచేసే నేను ఈ కబుర్లు చెప్పి అందరినీ నవ్వించేదాన్ని.

మొన్న నా సెలవు రోజున, మావయ్య జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తూ నన్ను కొట్లో కూర్చోమన్నాడు.

"అచ్చెన్న వొస్తాడమ్మీ. ఏటడిగినా నేదనకు."

అచ్చెన్న ఒకప్పటి ఓడరేవు కూలీ. మతిమరుపు ముదిరింది. తమ్ముడు రాజబాబు పోయి చాలా ఏళ్లయిందన్న సంగతి మావాళ్లందరికీ తెలుసు, అచ్చెన్నకు తప్ప. ఎవరైనా చెప్పినప్పుడల్లా అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. ఆ పూట అన్నం ముట్టడు.

మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్‌తో వచ్చి, తిన్నగా పటం ముందు నిలబడ్డాడు.

"మా తమ్ముడింకా దిగనేదా పాపా?"

అతని వేలు గోపురం పక్కన నిచ్చెన మీదున్న చీమంత మనిషిని చూపిస్తోంది. అచ్చెన్నకు మతి తప్పిన ఏడాదే మావయ్యకీ పిచ్చి పట్టిందని అప్పుడు గుర్తొచ్చింది. పటంలో ఒక్క రాజబాబే బతికుంటే అచ్చెన్నకు అనుమానమొస్తుందని, మావయ్య ఊరు ఊరంతటినీ బతికించాడు.

"పని అవలేదు తాతా. నిన్ను తినేయమన్నాడు," అన్నాను.

అతను పీట మీద కూర్చుని తృప్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, తమ్ముడి పెళ్లి మాటేమైందని అడిగాడు. లేదనకూడదు కదా, కుదిరిందన్నాను. ముసలాయన ఆ కబురు వీధంతా చెప్పుకుంటూ వెళ్లాడు.

సాయంత్రం మావయ్య వచ్చి, సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఒక్క పూట నాను నేకపోతే పెళ్లి కుదిర్చీసినావా? రేపు పిల్ల ఏదని అడుగుతాడు. ఎవుల్ని చూపించమంటావు?"

కళ్లజోడు సర్దుకుని, శిథిలాల కింద నిలబడ్డ ఆడవాళ్లను ఒక్కొక్కరినే పరిశీలించడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన చేరాను. ఎర్ర పావడా ఆమెను చూపిస్తే, మరీ పొడుగన్నాడు.